చదవకుండా వచ్చే డిగ్రీ

ఇది ఎవరికీ చెప్పలేదు. నాకు డిగ్రీ కావాల్సింది జీతం పెరగడానికి కాదు, తెలుగు సాహిత్యం చదువుకోవడానికి.

ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి కొట్టులో పనిచేస్తాను. అక్కడ పైన కనిపించే కాయలు చూసి ఎవరూ ధర చెప్పరు, బస్తా అడుగు నుంచి తీసి విరిచి చూస్తారు. ఏ దూరవిద్య డిగ్రీ చెల్లుతుందో తేలక కొన్నాళ్లుగా నా మనసు ఒకచోట నిలవడం లేదు. చివరికి రంగుల కరపత్రం ఒకటి నమ్మి, హనుమకొండలోని ఒక సెంటర్‌కు ఫీజు కట్టడానికి వెళ్లాను. ప్రభుత్వ గుర్తింపు ఉందా అని అడగడానికి నోరు రాలేదు. పుస్తకాలు ఎప్పుడిస్తారని మాత్రం అడిగాను.

"పుస్తకాలెందుకు బిడ్డా? పరీక్ష గూడ మేమే రాపిస్తం," అన్నాడు అక్కడి సారు.

ఫీజు కట్టకుండానే బ్యాగు పట్టుకుని లేచాను. ఆయన వెనక నుంచి నవ్వాడు.

"గట్ల పోతానవేంది? సదవకుంట పాసయ్యేది ఇంకేడ దొరుకుతది నీకు?"