ఎప్పటి మాట?

మా బాబాయి నిన్నటి సంగతి నమ్మడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. ఎవరేం చెప్పినా ముందు "ఎప్పటి మాట?" అంటాడు. గంట దాటిన కబురైతే చెవిన పెట్టడు.

"మీ తమ్ముడికి జ్వరమట" అంది పిన్ని ఒకసారి.

"ఎప్పటి మాట?"

"పొద్దుటిది."

"ఇప్పుడెంతుందో కనుక్కుని చెప్పు."

కనుక్కునేసరికి తగ్గిపోయింది. ఆ గెలుపు గురించి ఆయన నెల్లాళ్ళు చెప్పుకున్నాడు. పెళ్ళిరోజు మరిచిపోయినప్పుడు కూడా "అది ముప్పై ఏళ్ళ నాటి సమాచారం కదే" అని తప్పించుకోబోయాడు. ఆ పూట ఆయన భోజనం ఏమైందో నేను అడగలేదు.

ఇలాంటి మనిషికి దొరకాల్సిన ఉద్యోగమే దొరికింది. ఊరి ఆరోగ్య కేంద్రంలో మత్తు అలవాట్ల విభాగం ఆయనది. గుమాస్తాను నేను. నొప్పి మాత్రలకు అలవాటుపడి, మోతాదు మించి, ఊపిరి ఆగి పడిపోయినవాళ్ళ కబుర్లు అంబులెన్సు నుంచీ ఆసుపత్రి నుంచీ ఎప్పటికప్పుడు మాకు వచ్చేవి. కబురు రాగానే బాబాయి గోడ మీది ఊరి పటంలో ఆ చోట ఎర్ర గుండుసూది గుచ్చేవాడు. వారం దాటగానే పీకేసేవాడు. పాత సూదులు గోడకు బరువట.

పోయినేడాది ఒక మంగళవారం, పదకొండు గంటలకల్లా లాండ్రీ సందులో రెండు సూదులు పడ్డాయి. బాబాయి వ్యాను తాళం అందుకున్నాడు.

"నెలాఖరు మీటింగులో పెడదామయ్యా" అన్నారు మా ఆఫీసరు.

"ఊపిరి ఆగినవాళ్ళని నెలాఖరు దాకా ఆగమని చెప్పమంటారా సార్?"

ఆఫీసరు నిజంగానే ఆలోచనలో పడ్డారు. ఈలోగా వ్యాను వెళ్ళిపోయింది. ఊపిరి తిరిగి తెప్పించే ముక్కు స్ప్రే లాండ్రీవాళ్ళకు పంచి, ఎలా కొట్టాలో చూపించి వచ్చాం. ఆ సాయంత్రమే ఒక పెయింటరు అదే సందులో కూలబడ్డాడు. నిచ్చెన మీంచి పడ్డ దగ్గర్నుంచీ నడుంనొప్పికని మాత్రలు మింగుతున్నాడట. ఇస్త్రీ చేసే ఆవిడ స్ప్రే కొట్టింది, అంబులెన్సు వచ్చింది, బతికాడు.

ఆ పెయింటరే ఈ ఏడాది మా వ్యాను డ్రైవరు ఉద్యోగానికి వచ్చాడు. చికిత్స పూర్తి చేసుకున్నాడు. ఆ నడుంతో ఇక నిచ్చెన ఎక్కలేడు, సంగతి తెలిసిన వాళ్ళెవరూ వేరే పని ఇవ్వడం లేదు. ఇది కూడా పోతే ఇంకెక్కడికీ వెళ్ళలేడు.

ఫైలు చదివింది నేనే. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను.

"ఈయనకి మత్తు మాత్రల అలవాటుంది సార్" అన్నాను.

"ఎప్పటి మాట?" అన్నాడు బాబాయి.

"పోయినేడాది ఫైలు."

"పోయినేడాది పాలు తాగుతావట్రా?"

ఆఫీసరు అడ్డొచ్చారు. "రేపు మళ్ళీ మొదలెడితే?"

"రేపటి సమాచారం నా దగ్గర లేదు సార్. మీకేమైనా అందిందా?"

ఆఫీసరు బల్ల మీది కాగితాలు అటూ ఇటూ తిరగేశారు. దొరకలేదు.

బాబాయి పెయింటరు వైపు తిరిగాడు. "ఇవాళ ఎలా ఉన్నావు?"

"బాగున్నానండి. పొద్దున మీరు ఫోన్ చేసినప్పుడు చెప్పాగా."

అప్పుడు బయటపడింది. గోడ మీంచి పీకేసిన సూదుల తాలూకు మనుషులకు బాబాయి రోజూ ఆఫీసుకు రాకముందే ఫోన్లు చేస్తున్నాడు. అడిగేది ఒకటే ముక్క, ఇవాళ ఎలా ఉన్నావని.

"మా ఇంట్లోవాళ్ళు కూడా ఇంకా పోయినేడాది నన్నే చూస్తున్నారండి" అన్నాడు పెయింటరు ఆఫీసరుతో. "ఈయనొక్కరికే ఇవాళ్టి నేను కనిపిస్తాను."

ఆఫీసరు సంతకం పెట్టేశారు.

ఆ మధ్యాహ్నమే మార్కెట్టు వెనక కొత్త సూది పడింది. కొత్త డ్రైవరుతో కలిసి ముగ్గురం వ్యాను ఎక్కాం. అంత ఇంటర్వ్యూలోనూ ఎవరం అడగని ప్రశ్న బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఇంతకీ వ్యాను ఆఖరుసారి ఎప్పుడు నడిపావయ్యా?"

"రెండేళ్ళయిందండి. అప్పట్లో బాగానే నడిపేవాణ్ణి."

బాబాయి "ఎప్పటి..." అనబోయి ఆపేశాడు. తర్వాత సీటు బెల్టు బిగించుకుని, తలుపు పిడి రెండు చేతులా పట్టుకుని, "నమ్ముతున్నాను, పోనియ్" అన్నాడు.