ఉమ్రి దగ్గర ఒక కాగితం

నాందేడ్‌లో మా కార్ఖానాలో, ఇనుము కోసే మిల్లింగ్ మిషన్ టేబుల్‌కు స్టేషన్లు ఉండేవి. ఎడమ చివర నాందేడ్, తర్వాత ముద్ఖేడ్, నడుమ ఉమ్రి, దాని పక్కన కర్ఖేలి, కుడి చివర ధర్మాబాద్. ఆ పేర్లు పెట్టింది నాకు పని నేర్పిన ఉస్తాద్. ఆయనది ధర్మాబాద్, నాది కర్ఖేలి. ఇద్దరం వారం వారం ఆ దారి రైల్లోనే ఇళ్లకు పోయి వచ్చేవాళ్లం. ఇనుప టేబుల్ పొడుగునా ఉన్న గాడులు ఆయన కంటికి రైలు పట్టాల్లా కనిపించి ఉంటాయి.

"ఉమ్రి కాడ మూడు, మీ ఊర్ల ఒకటి" అనేవాడు పని మొదలుపెట్టే ముందు. అంటే ఉమ్రి దగ్గర టేబుల్ గుంట పడింది, అక్కడ మూడు పతంగి కాగితాలు పరిచి దాన్ని నింపాలి. కర్ఖేలిలో గుంట తక్కువ, ఒక్కటి చాలు అని. "మీ ఊరెప్పుడు చూడు, కిందికే ఉంటది" అని నన్ను ఉడికించేవాడు. ధర్మాబాద్ దగ్గర మాత్రం ఒక్క కాగితం కూడా అక్కర్లేదు. ఆ సంగతి రోజుకు రెండుసార్లయినా చెప్పకపోతే ఆయనకు తోచేది కాదు.

డెబ్బైలలో మాట ఇది. ఆ మిషన్‌ను మా సేఠ్ హైదరాబాద్‌లో పాత సామాన్ల మధ్య చూసి కొన్నాడు. మాకు ముందు దానిమీద పనిచేసినవాళ్లు అన్ని పనులూ నడుమనే పెట్టి, నడుమనే సుత్తి దెబ్బలు వేసి అరగదీశారు. కంటికి కనిపించే గుంట కాదు. కానీ పత్తి గింజలు తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీలకు పొడుగు ప్లేట్లు చేసేటప్పుడు ఆ వెంట్రుక మందమే కొంప ముంచేది. క్లాంపులతో బిగిస్తే ప్లేటు గుంటలోకి వంగుతుంది. వంగినదాన్ని మనం చదునుగా కోస్తాం. క్లాంపులు విప్పగానే ప్లేటు మళ్లీ తన రూపానికి తాను వస్తుంది, నడుమ ఉబ్బు తేలుతుంది. చేసిన పనంతా పాడు.

అందుకే కాగితాలు. ఉస్తాద్ బజారులో పతంగులు అమ్మే దుకాణం నుంచి ఎర్ర కాగితమే తెచ్చేవాడు. తెల్లది ఇనుము మీద, నూనె తడిలో కంటికి ఆనదు. వేలెడు ముక్కలు చించి, పెదవుల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి పరిచేవాడు. మిషన్ వెనక గోడకు పాత క్యాలెండర్ ఒకటి తిరగేసి వేలాడదీశాడు. దాని వెనుక వైపు గళ్లు గీసి, ఏ స్టేషన్‌లో ఎన్ని కాగితాలో పెన్సిల్‌తో రాసిపెట్టాడు. ఆ క్యాలెండర్ నాకు గానీ ఆయనకు గానీ అవసరం ఉండేది కాదు. సేఠ్ అడిగితే చూపించడానికి ఉండేది, అంతే.

తర్వాత చాలా ఏళ్లకు, ఎనభైల చివర్లో, ఔరంగాబాద్‌లో ఒక పెద్ద ఫ్యాక్టరీకి పనిమీద పోతే కంప్యూటర్‌తో నడిచే మిషన్ చూపించారు. టేబుల్ ఎక్కడ ఎంత గుంట పడిందో కొలిచి ఆ అంకెలు దానికి ఇస్తే చాలట, అదే కట్టర్‌ను ఎత్తుకుంటూ దించుకుంటూ పోతుందట. ఆ కుర్ర ఇంజనీరు నాకు మరాఠీలో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. నేనూ అంతే ఓపికగా విన్నాను. పతంగి కాగితం సంగతి అతనికి చెప్పలేదు. చెప్తే నన్ను చూసి నవ్వుతాడని కాదు, మా ఉస్తాద్ పనిని తలచుకుని నవ్వుతాడని.

ఆయనంటే నాకు ప్రాణం. కార్ఖానాకు రాకముందు నేను జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు మోసేవాణ్ని. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాణ్ని పనిలోకి తీసుకుని మొదటినుంచీ నేర్పింది ఆయనే. నా చేతులకు అప్పటిదాకా బరువు తప్ప మందం తెలియదు. కళ్లు మూసుకోమని వేళ్ల మధ్య ఒక కాగితం, రెండు కాగితాలు పెట్టి "ఎన్ని?" అని అడిగేవాడు. తప్పు చెప్తే తన డబ్బాలోని జొన్నరొట్టెలో సగం నాకు పెట్టి, "తిను, వేళ్లకు జర తెలివి అస్తది" అనేవాడు. సరిగ్గా చెప్పినా సగం పెట్టేవాడు.

ఒకరోజు సేఠ్ మా దగ్గరికి వచ్చి, టేబుల్ విప్పి హైదరాబాద్‌కు పంపి గ్రైండింగ్ చేయించి గుంట తీయిస్తున్నానన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "టేబుల్ సీదా అయినంక ఈ మిషన్‌కు ఇద్దరెందుకు? ఉస్తాద్, మీరు ఇగ ఇంటికాడ ఆరాం జేయిండ్రి. కాయితాలు ఏరుకునే పని తప్పుతది. మొదటి జాబ్ ఎట్లొస్తదో చూసి ఖాయం జేస్త."

ఉస్తాద్ "అచ్ఛా" అన్నాడు. సేఠ్ పోయాక నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇంటికాడ నేనేం జేయాలె తమ్మీ?" అన్నాడు. "నాకు అరవై నిండలే. చేతులు పని అడుగుతయి."

ఆయన పోతే మిషన్ నాదే అవుతుంది. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

టేబుల్ తిరిగి వచ్చి బిగించిన రోజు నేను లేను. మా చిన్నదానికి జ్వరమని కర్ఖేలి పోయాను. రెండో రోజు పొద్దున రైలు దిగి నేరుగా కార్ఖానాకు వస్తే టేబుల్ అద్దంలా మెరుస్తోంది. నాయ్‌గావ్ జిన్నింగ్ ఫ్యాక్టరీ ప్లేటు మొదటి జాబ్. సేఠ్ స్టూలు వేయించుకుని కూర్చోబోతున్నాడు. ఉస్తాద్ కట్టర్‌కు పదును పెట్టుకురావడానికి వెనక్కి పోయాడు.

టేబుల్ వైపు చూశాను. ఉమ్రి దగ్గర ఎర్ర కాగితం ముక్క ఉంది.

చదునైన టేబుల్ మీద కాగితం! ఇన్నేళ్ల అలవాటులో చెయ్యి దానంతటదే పెట్టేసింది అనుకున్నాను. అదీ మూడు పెట్టేచోట ఒక్కటే పెట్టాడు. అలవాటూ పోలేదు, లెక్కా మరిచిపోయాడు, ముసలితనం వచ్చేసింది పాపం అనుకున్నాను. సేఠ్ చూస్తే ఇక ఆయన్ను ఇంటికి పంపేస్తాడు. ప్లేటు పెట్టే ముందు టేబుల్ తుడుస్తున్నట్టు నటిస్తూ, ఆ కాగితాన్ని తుడుపు గుడ్డతో పాటు తీసేశాను. నేనే ప్లేటు పెట్టి క్లాంపులు బిగించాను. ఆయన్ను కాపాడాననుకుని ఎంత సంబరపడ్డానో!

ఉస్తాద్ వచ్చి కట్టర్ ఎక్కించాడు. కోత అయింది. క్లాంపులు విప్పి ప్లేటు మీద ఉక్కు బద్ద నిలబెట్టాడు. బద్ద నడుమ ఆనింది. రెండు చివర్లా దాని కింద వెలుతురు కనిపించింది.

"కాయ్ ఝాలం? ఏమైంది?" అని సేఠ్ లేచాడు.

ఉస్తాద్ ప్లేటు ఎత్తి ఉమ్రి దగ్గర వేళ్లతో తడిమాడు. అక్కడ ఏమీ లేదు. నా చేతిలోని గుడ్డ వైపు చూశాడు. మడతలోంచి ఎర్రగా ఒక అంచు కనిపిస్తోంది. నా మొహం వైపు చూశాడు. అంతే, సేఠ్ వైపు తిరిగాడు.

"నాదే తప్పు సేఠ్. కాయితం పెట్టుడు మర్చిన."

"టేబుల్ సీదా అయినంక కాయితమేంది? అందుకే అంటున్న, మీరు ఇగ..."

ఆ మాట పూర్తయ్యేలోపు నాకు కర్ఖేలిలో జ్వరంతో పడుకున్న కూతురు కనిపించింది, మళ్లీ పత్తి బేళ్లు కనిపించాయి. అయినా నోరు ఆగలేదు.

"ఆయన పెట్టిండు సేఠ్. నేనే తీసిన." గుడ్డ విప్పి చూపించాను.

సేఠ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఉస్తాద్ వెంట్రుక మందం తేడానైనా సూదితో చూపించే డయల్ తెచ్చి టేబుల్ మీద ఆనించి, చక్రం తిప్పుతూ నాందేడ్ నుంచి జరిపాడు. సూది కదల్లేదు. ముద్ఖేడ్‌లోనూ కదల్లేదు. ఉమ్రికి రాగానే కొంచెం కిందికి దిగింది. సరిగ్గా ఒక కాగితమంత.

"టేబుల్ సీదనే సేఠ్. అది కూసునే కింది జాగ అరిగింది. దాని మీద బిగిస్తే సీదా టేబుల్ గూడ జర వంగుతది. నిన్న పొద్దంత కొలిచిన. వీడు ఊర్ల ఉండె, వీనికి తెల్వదు."

మూడు కాకుండా ఒకటి ఎందుకు పెట్టాడో అప్పుడు తెలిసింది. నేను మతిమరుపు అనుకున్నది ఆయన రోజంతా చేసిన పని. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

సేఠ్ వంగి సూది వైపు చూశాడు. ప్లేటులో ఇంకా మందం ఉంది, మళ్లీ కోయవచ్చని ఉస్తాద్ చెప్పాక కొంచెం చల్లబడ్డాడు. "ఈ కాయితాల ఇల్మ్ వీనికి పూరా నేర్పుండ్రి. నేర్పేదాంక ఏడికి పోవద్దు" అని స్టూలు తీయించి వెళ్లిపోయాడు. ఆ నేర్పుడును ఉస్తాద్ ఆరేళ్లు సాగదీశాడు.

సేఠ్ వెళ్లాక నేను గొణిగాను. "ఉస్తాద్, మీరు పాతలెక్కనే పెట్టిండ్రని..."

"ముసలోడు అయిండనుకున్నవు."

నేను తల ఊపాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అడగాలె గదరా తమ్మీ. సేఠ్ ముంగట అడిగితే ఏమాయె? నువ్వు అడిగితే నేనేమన్న చిన్నగైతనా?"

గోడ మీది క్యాలెండర్ తీసి, పాత అంకెలు రబ్బరుతో చెరిపి, పెన్సిల్ నా చేతికిచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ దానిమీద నన్ను రాయనివ్వలేదు. ఆయన డయల్ జరుపుతూ చెప్తుంటే నేను రాశాను. నాందేడ్ సున్నా, ముద్ఖేడ్ సున్నా, ఉమ్రి ఒకటి. తర్వాతి గడి దగ్గర ఆయన సూది వైపు రెండుసార్లు చూసి, డబ్బా తెరిచి రొట్టె సగానికి తుంచాడు.

"కర్ఖేలి, సున్నా రాయి" అన్నాడు. "మీ ఊరు సీదా అయిందిరా. ఇగ నువ్వే సీదా గావాలె."