తాళ్లకు ఆనిన ఎడమ భుజం

1946లో, దసరా సెలవులకు కొద్ది రోజుల ముందు, దండులో జరిగిన బాక్సింగ్ పోటీలకు నన్ను జడ్జిగా వేశారు. కంటోన్మెంటును మా నగర్తపేటవాళ్లం దండు అనే పిలిచేవాళ్లం. నా అసలు ఉద్యోగం హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. అప్పటికి ఆరేళ్లుగా జడ్జి కుర్చీలో కూర్చుంటున్నాను కాబట్టి, ఈ ఆటలో నాకు తెలియనిది లేదన్న పొగరు కూడా కొంచెం ఉండేది.

జడ్జీలు ముగ్గురు. రింగుకు మూడు వైపులా విడివిడిగా కూర్చోవాలి, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. మూడేసి నిమిషాల రౌండ్లు మూడు. ప్రతి రౌండు చివర ఎవరి కాగితం మీద వాళ్లం మార్కులు వేసుకుని, ఆఖరున రెఫరీకి అందించేవాళ్లం. శుభ్రంగా తగిలిన దెబ్బలు, కాచుకోవడం, చొరవ, ఇవి చూడగానే తెలుస్తాయి. నాలుగోది రింగ్ జనరల్‌షిప్, అంటే పోరు ఎవరి ఇష్టప్రకారం నడుస్తోందన్నది. మీదపడి కొట్టేవాడికైతే అది ఎదుటివాడి దారులు మూసి మూలకు తోయడం. పొడుగు చేతులవాడికైతే ఎడమచేత్తో పొడుస్తూ దూరాన్ని నిలబెట్టుకోవడం. ఎదురుదెబ్బ మీద బతికేవాడు అవతలివాణ్ణి ఊరించి తన దగ్గరికి రప్పించుకోవాలి. ఇదంతా కొత్త జడ్జీలకు పాఠంగా చెప్పేవాణ్ణి. తీరా కుర్చీలో కూర్చున్నాక ముందుకు నడిచేవాడే దొర అని మార్కులు వేసేవాణ్ణి.

ఫైనల్‌కు వచ్చినవాళ్లలో ఒకడు బలరాం అనే సిపాయి, మీదపడే రకం. రెండోవాడు రంగప్ప, మా పేటలోనే ఇత్తడి బిందెలు సాగగొట్టే కంచరి. గెలిచినవాణ్ణి తమ కార్మికులకు బాక్సింగ్ నేర్పే ఉద్యోగంలో పెట్టుకుంటామని ఒక మిల్లువాళ్లు ముందే చెప్పారు. సుత్తి వదిలి ఆ పనిలో చేరాలని రంగప్ప ఎంత ఆశపడుతున్నాడో పేటలో అందరికీ తెలుసు. ఎందుకంత ఆశో ఎవరికీ తెలియదు.

గంట కొట్టగానే బలరాం దూకాడు. రంగప్ప వెనక్కి తగ్గి, ఎడమ భుజం తాళ్లకు ఆనించి, తాళ్ల వెంబడే ఒకే దిక్కుగా జరగడం మొదలుపెట్టాడు. మూడు రౌండ్లూ అదే వరస. బలరాం దెబ్బలు ఎక్కువగా గ్లవ్స్ మీద, మోచేతుల మీద పడ్డాయి. రంగప్పవి తక్కువే అయినా సూటిగా ముఖానికి తగిలాయి. మూడో రౌండుకు సిపాయి ముక్కు నుంచి రక్తం కారుతోంది. అయినా నా కంటికి ఒకడు తరుముతున్నట్టు, ఇంకొకడు తప్పించుకుంటున్నట్టు కనబడింది. అంత రింగు ఉండగా అంచు పట్టుకుని వేలాడేవాడు జనరల్ ఎట్లా అవుతాడు? రెండు రౌండ్లు బలరాంకు రాశాను. మిగిలిన ఇద్దరు జడ్జీలు చెరొకరికి రాయడంతో నా కాగితమే తీర్పయింది. రెఫరీ బలరాం చెయ్యి పైకెత్తాడు.

ఓడినవాణ్ణి పలకరించి రావడం నా అలవాటు. డేరాలో రంగప్ప బెంచీ మీద కూర్చుని చేతులకు చుట్టిన పట్టీలు విప్పుకుంటున్నాడు. అతని ఎడమ పక్కన నిలబడి చెయ్యి చాపాను. చూడలేదు. కోపం కాబోలనుకున్నాను.

"ఏమప్పా, చెయ్యి కూడా ఇయ్యవా?" అన్నాను.

అతను ఉలిక్కిపడి, మెడ మొత్తం తిప్పి చూసి, గబగబా లేచాడు. "మీరు ఆడుండారని తెల్లేదు సార్. తప్పనుకోవద్దు."

నాకు అనుమానం వచ్చింది. అతని కుడి కంటిని అరచేత్తో మూసి, రెండో చేతి వేళ్లు చూపించి ఎన్నని అడిగాను. "వద్దు సార్" అని నా చెయ్యి పక్కకు తీశాడు.

ఎడమ కంటికి చూపు బొత్తిగా లేదు. రెండేళ్ల కిందట ఇత్తడి రవ్వ ఎగిరి తగిలిందట. పైకి మాత్రం కన్ను మామూలుగానే ఉంది. డాక్టరు పరీక్షలో ఒక కన్ను మూసి గోడమీది గుర్తులు చెప్పమంటే ఎడమచేత్తో ఎడమ కన్ను మూశాడు. రెండోది మూయమంటే చెయ్యి మార్చి, కుడిచేత్తో మళ్లీ ఆ ఎడమ కన్నే మూశాడు. హడావిడిలో డాక్టరు గమనించలేదు. మిగిలిన కంట్లోనూ రవ్వ పడితే బతుకేమిటన్న భయంతోనే మిల్లు ఉద్యోగానికి అంత పాకులాడాడు.

"మరి ఎడమ పక్క నుంచి వచ్చే దెబ్బను ఎట్ల చూస్తివప్పా?" అని అడిగాను.

"ఆ పక్క తాళ్లుండాయి కదా సార్. వాడు ఆడికి యాడొస్తాడు? వాడు యాడుండాడో నేను చూడాల్సిన పనే లేదు. నిలబెట్టింది నేనే కదా."

మూడు రౌండ్లూ బలరాం నిలబడిందల్లా రంగప్ప నిలబెట్టిన చోటే. సగం రింగు కనిపించని మనిషి పోరునంతా తనకు కనిపించే సగంలోనే నడిపించాడు. రెండు కళ్లూ బాగున్న నేను దాన్ని పారిపోవడం కింద లెక్కగట్టాను.

తీర్పు చదివాక మార్చడానికి నియమాల్లో వీలు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఇంకో నియమం కూడా ఉంది. ఒక కంటికి చూపు లేనివాడు రింగు ఎక్కకూడదు, సంగతి తెలిసిన జడ్జి దాచకూడదు. "డాక్టరుకు చెప్పొద్దు సార్. వచ్చే ఏడు ఇంగోసారి ఆడతా" అని రంగప్ప నా చేతులు పట్టుకున్నాడు. మర్నాడు ఉదయం నేను కాగితం రాసిచ్చాను. పోటీల్లో ఆడటానికి ఇచ్చే అతని కార్డు రద్దయింది. రెండు రోజుల్లో ఒకే మనిషిని రెండుసార్లు ఓడించాను, రెండోసారి తెలిసి చేశాను.

నెల తరువాత, తప్పయిందని చెప్పుకుందామని అతని అంగడికి వెళ్లాను. బిందెను ఆనించి కొట్టే దాగలి చోటు మార్చుకుని, ఎడమ భుజం గోడకు ఆనించి కూర్చుని బిందె కొడుతున్నాడు. సుత్తి ఆపకుండానే కుడివైపున్న పీట చూపించి, "ఈడ కూర్చోండి సార్" అన్నాడు. అతను చూపించిన చోటే కూర్చున్నాను.

ఆ తరువాత చాలా ఏళ్లు జడ్జిగా పనిచేశాను. రౌండు చివర పెన్సిల్ పట్టుకునే ముందు, ఎవరు నిలబెట్టిన చోట ఎవరు నిలబడ్డారని నన్ను నేను ప్రశ్నించుకునేవాణ్ణి. రంగప్ప కంటి సంగతి రాసిచ్చినందుకు నాకు విచారం లేదు. ఆ రెండు రౌండ్ల మార్కులు మాత్రం తప్పు.