పెద్దాయన స్కూటరు, నా పదో తరగతి మార్కుల లిస్టు

ఆ కరోనా రోజుల్లో పాల డబ్బాను చూసి కూడా భయపడేవాళ్ళం. ఇప్పుడు చెబితే పిల్లలు నవ్వుతారు గానీ, షాపు నుంచి తెచ్చిన డబ్బాను సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో (డబ్లిన్‌లో ఎండ అంటే మబ్బు కాస్త పల్చబడటం) ఆరబెట్టి, అప్పుడు గానీ ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని కాదు. తలుపు గొళ్ళెం ముట్టుకోవాలంటే భయం, మనిషి ఎదురొస్తే భయం, మనకే దగ్గొస్తే పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని ఇంకా భయం. నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. అందుకని, నిజం చెప్పొద్దూ, లోకమంతా నాలాగే అయిపోయిన ఆ కాలంలో నాకు లోపల్లోపల కాస్త ఊరటగా కూడా ఉండేది. అలాంటిదాన్ని, అదే రోజుల్లో, అరవై దాటిన ఐరిష్ కుర్రాళ్ళ బ్యాండులో చేరి, చేతిగేర్ల స్కూటరెక్కి పోలీసుల ముందు నుంచి వెళ్ళానంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

తెనాలి నుంచి చదువుకోడానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. క్లాసులన్నీ లాప్‌టాప్‌లోకి వచ్చేశాక, అద్దె గది ఖాళీ చేసి బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా పిన్ని ఇంట్లో చేరాను. పిన్ని ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి పెరటి తలుపున వచ్చి, నేరుగా స్నానానికి వెళ్ళి, మేడ మీద తన గదిలోనే తిని పడుకునేది. మా మాటలన్నీ మెట్ల మీదుగానే, తను పైమెట్టు మీద, నేను కిందమెట్టు మీద. నా భయాలన్నిటికీ పెద్దన్న లాంటిది ఇంకొకటి ఉండేది. అది కార్డు. ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు. గార్డ్స్ (ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు) ఒక్కసారి మన పేరు రాసుకుంటే ఇక కార్డు రెన్యూ కాదని, విమానం ఎక్కించేస్తారని మా వాట్సాప్ గ్రూపులో ఒక సీనియర్ చెప్పాడు. ఆ సీనియర్‌కి ఎవరు చెప్పారని ఎవరమూ అడగలేదు. ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదని రూలు వస్తే నేను రెండు కూడా దాటలేదు. మిగిలిన మూడూ జాగ్రత్త కోసం వదిలేశాను.

ఆదివారం ఆరాధన ఫోన్లో జరిగేది. కీబోర్డు నాది. నైట్ డ్యూటీ చేసి పడుకున్న పిన్నికి నిద్ర చెడకుండా, పెరట్లో షెడ్డులో కూర్చుని వాయించేదాన్ని. మా చర్చిల్లో కీబోర్డు వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, పెరగడంలో వచ్చేస్తుంది. పాట అయిపోయి పాస్టరుగారు ప్రార్థన అందుకున్నాక చెయ్యి ఆపకూడదు. ఆయన మాట కింద పరుపు పరిచినట్టు మెత్తగా వాయిస్తూనే ఉండాలి. ఆయన గొంతు లేస్తే మనమూ లేవాలి, ఆయన గొంతు వణికితే మనం తగ్గాలి, ఆమెన్ అన్నాకే చేతులు తియ్యాలి. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, నా వేళ్ళు వాటంతట అవే కదిలేవి.

ఒక ఆదివారం ఆమెన్ అయ్యాక గోడ అవతల నుంచి తెల్లటి తల ఒకటి లేచింది. పక్కింటాయన. ఆయనకి నేను అద్దాల అంకుల్ అని పేరు పెట్టుకున్నాను. ఆయన స్కూటరు ముందు అటూ ఇటూ గుత్తులు గుత్తులుగా అద్దాలు, ఒక్క స్కూటరుకి అన్ని అద్దాలు నేను తెనాలిలో షాపులో కూడా చూడలేదు.

"ఆ ఆర్గాన్ వాయించేది నువ్వేనా?" అన్నాడు.

"సౌండు తగ్గిస్తానండీ," అన్నాను, సగం లేచి నిలబడి.

"తగ్గించకమ్మాయ్. గ్రాండ్‌గా ఉంది. మా ఆర్గాన్ పెద్దాయన లేడు, నువ్వు రావాలి."

లేడు అనేసరికి నా గుండె జారిపోయింది. ఆ రోజుల్లో ఆ మాటకి ఒకటే అర్థం. తర్వాత తెలిసింది, మనిషి ఉన్నాడు, లీక్స్‌లిప్ దాటాక ఒక నర్సింగ్ హోమ్‌లో (ఇక్కడ అంటే ముసలివాళ్ళని ఉంచి చూసుకునే చోటు). కుర్రతనంలో వీళ్ళందరూ మోడ్‌లట. అంటే బిగుతు సూట్లు, సన్నటి టైలు, సూటు నలగకుండా మీద పొడుగాటి పచ్చరంగు పార్కా కోటు, ఎక్కేది ఇటలీ స్కూటర్లు, వినేది అమెరికా నల్లజాతివాళ్ళ సోల్ పాటలు. ఆ పాటల కోసమే బ్యాండు పెట్టారు. పెళ్ళిళ్ళయ్యాయి, జుట్టు ఊడింది, బ్యాండు మాత్రం ఊడలేదు. అంతకు ముందేడు ఆర్గాన్ పెద్దాయనకి పక్షవాతం వచ్చి కాలు పడిపోయింది. నర్సింగ్ హోమ్‌లో చేరినా, వీళ్ళు రోజూ వెళ్ళి కబుర్లు చెబుతుంటే హుషారుగానే ఉన్నాడు. ఈ మహమ్మారి వచ్చి చూడటానికి ఎవరినీ రానివ్వకపోయేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినడం తగ్గించేశాడు. కిటికీ దగ్గరికి కూడా రావడం లేదు. మేట్రన్‌కి ఏం తోచక, కారు పార్కింగులో నిలబడి ఏమైనా వాయించండి అని కబురు పెట్టింది.

"దీనికి కూడా వాడు లేవకపోతే ఇక లేవడు," అన్నాడు అద్దాల అంకుల్. అని, గోడ మీద పెచ్చును గోటితో గీకుతూ నిలబడ్డాడు.

పాట ఒక్కటే కాదట, ఆ పెద్దాయన స్కూటరు కూడా నేనే నడపాలట. ఒకళ్ళ వెనక ఇంకొకళ్ళు కూర్చునే వీల్లేని రోజులు. పైగా ఆ పెద్దాయనకి తన బండి చప్పుడు నిద్రలో కూడా తెలుసు, అది వింటే లేస్తాడని వీళ్ళ ఆశ. చేతిగేర్ల బండి నడపడం వచ్చా అని అడిగాడు. రాదని ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. కానీ నేను నేర్చుకున్నదే మా నాన్న పాత స్కూటరు మీద, పక్కకి వంచి, కాసేపు ఆగి, నిలబెట్టి తంతే గానీ స్టార్టయ్యేది కాదు అది. వచ్చండీ అన్నాను. అన్నాక రెండు రోజులు అన్నం సయించలేదు. గార్డ్స్ ఒక భయం, కార్డు ఒక భయం. వాటిని మించి ఇంకొకటి పట్టుకుంది. ఆ పెద్దాయన లేచి వచ్చి, తన బండి మీద, తన ఆర్గాన్ చోట ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లని చూస్తే? నా చోటు కూడా అప్పుడే ఇచ్చేశారన్న మాట అనుకుంటే? చెయ్యబోయిన మేలు కాస్తా ఆయన ప్రాణం మీదికి వస్తే?

కిందమెట్టు మీద కూర్చుని పిన్నికి చెప్పాను.

"ఐదు కిలోమీటర్లు దాటాలంట పిన్నీ. గార్డ్స్ ఆపితే?"

"ఆపితే నిజం చెప్పవే. నువ్వేమన్నా దొంగతనానికి పోతన్నావా."

"కార్డు పోతేనో?"

పిన్ని పైమెట్టు మీద కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది. "నిన్న ఒకామెకి కూతుర్ని ఫోన్లో చూపిచ్చానే. ఫోను నేను పట్టుకున్నా, ఆమె నా గ్లౌజు పట్టుకుంది. వదల్లేదు. అంతకంటే ఏం చెయ్యలేకపోయినా." అని ముక్కు చీదుకుని, "ఎళ్ళు. మాస్కు మాత్రం తియ్యమాక. వాళ్ళేవన్నా బిస్కట్లు పెడితే తినమాక," అంది.

ఇక రిహార్సల్స్ గోడకి అటూ ఇటూ. అద్దాల అంకుల్ పాడేవాడు, డ్రమ్స్ ఆయనా గిటార్ ఆయనా ఫోన్లోంచి వచ్చేవాళ్ళు. పాటలు త్వరగానే పట్టుబడ్డాయి, ఆ ఆర్గాన్ మా చర్చి ఆర్గాన్‌కి మేనత్త కూతురిలా ఉంది. పేచీ అంతా ఒక్కచోటే. చివరి పాట మధ్యలో బ్యాండు టక్కున ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దంలో అంకుల్ జనంతో నాలుగు మాటలు మాట్లాడతాడు, మళ్ళీ డ్రమ్స్ అందుకుంటాయి. అందరూ ఆగేవాళ్ళు. ఆయన నోరు తెరిచేసరికి నా చెయ్యి మాత్రం మెత్తగా మొదలుపెట్టేది.

"ఆగాలమ్మాయ్."

"సారీ అండీ."

మళ్ళీ అదే. మూడోసారికి ఆయన ఆకాశం వైపు చూసి, "దేవుడా, ఇంకొకరా," అని గొణుక్కున్నాడు. ఆ ఇంకొకరు ఎవరో నాకప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఆర్గాన్ పెద్దాయన పార్కా కోటును నా కోసం గోడ మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, తీసుకోమని సైగ చేశాడు. (దాన్ని షెడ్డులో క్వారంటైన్ చేశాకే పిన్ని నన్ను తొడుక్కోనిచ్చింది.)

ఆ రోజు పొద్దున ముందు అద్దాల అంకుల్, వెనక గిటార్ ఆయన, చిట్టచివర నేను, మా వెనక సామాన్ల వ్యానుతో డ్రమ్స్ ఆయన. మోకాళ్ళ దాకా దిగిన కోటులో నన్ను చూస్తే దుప్పటి కప్పుకుని బండెక్కినట్టు ఉండి ఉంటుంది. రోడ్డంతా ఖాళీ. ఊరు ఖాళీగా ఉంటే ఇంత భయంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. లీక్స్‌లిప్ ముందు మలుపు తిరిగామో లేదో, ఎదురుగా పసుపుపచ్చ జాకెట్లు. అంకుల్ ఏదో చెప్పాడు, గార్డు తలూపాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, దూరంగానే నిలబడి, "నువ్వూ బ్యాండేనా?" అని అడిగాడు.

అవునంటే అయిపోయేది. కానీ మనవాళ్ళకి యూనిఫాం కనబడితే కాగితాలు తీయడం ఒక్కటే తెలుసు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కోటు లోపల పొట్టకి కట్టుకుని తెచ్చుకున్న ఫైలు బయటికి లాగి, స్కూటరు సీటు మీద ఒక్కొక్కటే పరిచాను. పాస్‌పోర్టు, కార్డు, యూనివర్సిటీ కాగితం, డిగ్రీ పట్టా, ఇంటర్ సర్టిఫికెట్, పదో తరగతి మార్కుల లిస్టు. పరుస్తూ, పేరు, తండ్రి పేరు, ఈ దేశానికి ఎందుకు వచ్చానో, చదువు అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నానో, వీసా ఇంటర్వ్యూలో బట్టీ పట్టిందంతా గడగడా ఒప్పజెప్పాను. గార్డు చేతులు వెనక కట్టుకుని, వంగి, చివరి కాగితం దాకా చూశాడు.

"లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయే," అన్నాడు. "వెళ్ళు, అంతా గ్రాండ్. ఎగిరిపోకుండా సర్దుకో."

పేరు రాసుకోలేదు. ఫైలు మళ్ళీ పొట్టకి కట్టుకుని నర్సింగ్ హోమ్ దాకా వెళ్ళాను.

పార్కింగులో ఎడం ఎడంగా నిలబడ్డాం. కిటికీల వెనక ముసలి మొహాలు, వాటి పక్కన మాస్కులు వేసుకుని వాళ్ళని చూసుకునే కేరర్లు. కింది వరసలో చివరి కిటికీకి పరదా వేసి ఉంది. అద్దాల అంకుల్ నేను నడిపి తెచ్చిన స్కూటరు దగ్గరికి వెళ్ళి, దాన్ని స్టార్ట్ చేసి, బరబరలాడించి ఆపాడు. పరదా కదల్లేదు. మొదటి పాట వాయించాం. రెండోది వాయించాం. వేరే కిటికీల్లో చేతులు ఊగుతున్నాయి, ఒకావిడ కుర్చీలోనే డాన్సు చేస్తోంది. ఆ పరదా అలాగే ఉంది. చివరి పాటకి వచ్చేసరికి అంకుల్ గొంతు బొంగురుపోయింది. బ్యాండు టక్కున ఆగింది. ఆయన జనం వైపు చూడలేదు, ఆ పరదా వైపు తిరిగాడు.

"ఒరేయ్," అన్నాడు. "నీ బండి తెచ్చాం. నీ కోటు కూడా తెచ్చాం. లోపలికి రానివ్వడం లేదురా. మేం రాకపోవడం కాదు."

అంత నిశ్శబ్దంలో అంకుల్ గొంతు వణికింది. నా చెయ్యి ఆగలేదు. ఆపాలని తెలుసు, ఆపమని ఎన్నిసార్లు చెప్పారో తెలుసు. ఒక మనిషి అలా బతిమాలుతుంటే కింద ఏమీ పరవకుండా ఉండటం నాకు చేతకాలేదు. డ్రమ్స్ ఆయన నా వైపు చూశాడు. అంకుల్ కూడా తిరిగి చూశాడు.

అప్పుడు పరదా కదిలింది. కేరర్ దాన్ని పక్కకి లాగితే, చక్రాల కుర్చీలో పల్చటి మనిషి. ఆయన స్నేహితుల్ని చూడలేదు, బండిని చూడలేదు. తన కోటులో మునిగిపోయి ఉన్న నన్ను కళ్ళు చిట్లించి చూసి, వేలెత్తి చూపించాడు. అయిపోయింది, నేను భయపడ్డదే అయింది అనుకుని ఠక్కున చేతులు తీసేశాను. ఆయన విసుగ్గా తల అడ్డంగా ఊపాడు. అరచెయ్యి పైకి తిప్పి, కానివ్వు కానివ్వు అన్నట్టు ఆడించాడు. మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన కుడిచెయ్యి కిటికీ గట్టు మీద నాతో పాటే కదలడం మొదలైంది. తర్వాత అద్దాల అంకుల్ వైపు చూసి నవ్వాడు, పందెం గెలిచినవాడి నవ్వు.

అసలు సంగతి తిరుగుదారిలో ఒకచోట ఆగినప్పుడు తెలిసింది. ఆర్గాన్ పెద్దాయన చిన్నప్పుడు చర్చిలో వాయించేవాడట. బ్యాండు పెట్టిన నాటి నుంచీ ఆ పాటలో ఒక్కసారి కూడా ఆగలేదట. దాని మీద ఆయనా అద్దాల అంకులూ జీవితాంతం పోట్లాడుకున్నారు. "వాడు మంచాన పడ్డాక, ఇన్నేళ్ళకి నా నిశ్శబ్దం నాకు దక్కుతుందనుకున్నా," అన్నాడు అంకుల్, హెల్మెట్ లోపల కళ్ళు తుడుచుకుంటూ. "గోడ అవతల నువ్వు దొరికావు."

పెద్దాయన ఆ తర్వాత చాలాకాలమే ఉన్నాడు. రాకపోకలు మొదలయ్యాక నన్ను పిలిపించుకుని, నా ఎడమచెయ్యి బద్ధకిస్తోందని తిట్టి మరీ నేర్పాడు. నాకు లీక్స్‌లిప్‌లోనే కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, కార్డు భయం పోయింది. ఆయన పోయినప్పుడు చర్చిలో ఆర్గాన్ నన్నే వాయించమన్నారు. పాట మధ్యలో అద్దాల అంకుల్ మాట్లాడటానికి లేచాడు. అప్పటికి నేను పెద్దదాన్నయ్యాను, మర్యాద తెలిసింది, వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా ఆగాను. ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. నా వైపు తిరిగి, "ఆగావేంటమ్మాయ్, వాయించు," అన్నాడు.

వాయించాను. ఆయన మాట్లాడాడు.

ఈ మధ్య కారు డిక్కీ సర్దుతుంటే ఆ పాత ఫైలు కనబడింది. మార్కుల లిస్టు తీసి చూసుకున్నాను. గార్డు చెప్పింది నిజమే, లెక్కల్లో బాగానే వచ్చాయి. దుప్పటంత కోటులో వణుకుతూ నిలబడిన ఆ పిరికిపిల్ల మీద జాలేసింది, నవ్వొచ్చింది. ఫైలు మాత్రం ఎక్కడున్నది అక్కడే పెట్టేశాను. ఎందుకైనా మంచిది.