అన్న ఎత్తు బెల్లం

ఆ ఏడు శాంతి చర్చలన్న మాట రోజూ వినపడేది. హనుమకొండలో సభలు, పాటలు, సంతకాలు. సుబేదారిలో ఆఫీసు అయ్యాక ప్రతి సభకూ పోయేవాణ్ణి. సభ మధ్యలోనే ఫోన్లకు ఇంకో ఎన్‌కౌంటర్ వార్త వచ్చేది. అప్పుడు నేను నాలుగు విషయాలు చూసేవాణ్ణి: పేరు, మారుపేరు, ఊరు, వయసు. మా అన్న దళంలో చేరి అడవిలోకి పోయినప్పుడు నాది ఎనిమిదో తరగతి. మారుపేరు మాకు తెలియదు. కాబట్టి సరిపోల్చడానికి మిగిలేవి మూడే.

మేడారం జాతర దగ్గర పడగానే అమ్మ అన్న ఎత్తు బంగారం ఇస్తానంది. బంగారమంటే బెల్లమే, మనిషిని తూచి, అంత బరువు బెల్లం సమ్మక్కకు ఇస్తారు. మనిషి ఇంటికొచ్చాక తీర్చాల్సిన మొక్కు. అమ్మ ఆగలేదు.

ధర్మసాగర్‌లో బెల్లం దుకాణపాయన అలవాటుగా, "మనిషేడి చిన్నమ్మా?" అని నాలుక కరుచుకున్నాడు.

"తమ్ముణ్ణి జోకు," అంది అమ్మ.

కాంటా మీద నేను డెబ్బై ఒక్క కిలోలు. "అన్న బక్కోడు. అడవి తిండి, నడక తీసేస్తే యాభై ఐదు చాలు," అన్నాను.

"ఆడ తింటలేడని నువ్వే రాసిచ్చేటట్టున్నవ్ గదరా! డెబ్బై ఐదు జోకు."

"ఇంజనీరు సాబ్, నీ లెక్క జర పక్కకు వెట్టు," అన్నాడాయన.

జాతర అయిన నెలకు దళాల వాళ్లు కొందరు పోలీసులకు ఆయుధాలు అప్పగించారు. ఫోన్‌కు వచ్చిన వాళ్ల ఫొటో పెద్దది చేసి, ఎడమ నుంచి కుడికి ఒక్కో ముఖం చూశాను. అన్న లేడు. వాళ్లలో ఒకాయనది మా పక్క ఊరే. ఇంటికి చేరాడని తెలిసి, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని పోయాను.

మొదటిది అడగకముందే, "నువ్వు తమ్మునివా? గదే మొకం," అన్నాడు.

వానల్లో అన్నకు జ్వరం వచ్చిందట. నడవలేకపోతే ఇద్దరిని తోడిచ్చి వెనక ఉంచారట. అంటే జాతరకు ఎన్నో నెలల ముందే.

"మళ్ల ఆ దిక్కు నుంచి ఎవ్వలు రాలే, తమ్మీ."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏమన్నడు?"

"జ్వరమొచ్చిందట."

"తగ్గిందా?"

నేను బండికి స్టాండు వేశాను.

"గంత సదువుకున్నవ్, గదొక్కటి అడుగరాలేదా?" అని చెప్పులేసుకుంది. "పా, నేనడుగుత."

ఆమెను ఆపడానికి నా దగ్గర ఒక్క మాటే ఉంది. అది అనలేక బండి తీశాను.