అమ్మ అరచేతులు

ఈరోజు అమెరికాలో మా ఊరు ఫ్రిస్కోలో చెకప్‌కి వెళ్తే, కొత్త డాక్టర్ చల్లటి చేయి నా పొట్ట మీద పెట్టింది. ఉలిక్కిపడ్డాను. వెంటనే అమ్మ గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు బీపర్లు, అదే పేజర్లు, గుర్తున్నాయా? మా డైనింగ్ టేబుల్ మీద ఆవకాయ సీసా పక్కనే అమ్మ బీపర్ ఉండేది. అది మోగిందంటే ఎక్కడో ఎవరికో నొప్పులు మొదలైనట్టే. కలిపిన అన్నం కంచంలోనే వదిలేసి కారు తాళాలు అందుకునేది. రిటైరయ్యేదాకా కాన్పుల డాక్టరుగా ఆ పరుగు ఆగలేదు.

ఇంటికొచ్చాక ఆమె దగ్గర ఆస్పత్రి సబ్బు వాసన వేసేది. నాకు కడుపునొప్పి అని చెబితే, ముందు తన అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకునేది.

"తొందరగా చూడమ్మా!" అని ఏడ్చేదాన్ని.

"ఆగవే. చల్లటి చేయి పెడితే పొట్ట బిగుసుకుపోతుంది. నా పేషెంట్లకైనా నీకైనా ఇదే రూల్."

పోయిన చలికాలం, ఫ్యూనరల్ హోమ్‌లో అమ్మను చివరిసారి చూడ్డానికి అక్కా నేనూ లోపలికెళ్లాం. ఆమె చేయి పట్టుకోబోయి ఆగిపోయాను. నా అరచేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నావే?" అంది అక్క.

"నా చేతులు చల్లగా ఉన్నాయక్కా."

అక్క తన గ్లవ్స్ తీసి, తనూ రుద్దుకోసాగింది.