అమ్మ ఒప్పుకోని తుప్పు

మా కాలంలో మైదుకూరు చుట్టుపక్కల ఓడల గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు గానీ, వాళ్లలో ఓడను కళ్లారా చూసినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడూ లేడు. యుద్ధం జరుగుతున్న రోజులవి. నాకు ఇరవై ఏళ్లు. మిషను బడిలో కొత్తగా డ్రాయింగు మాస్టరుగా చేరాను. నేనెరిగిన అతి పెద్ద జలరాశి కె.సి. కాలువ (అదీ నీళ్లు వదిలినప్పుడు). అయినా బడిలో ప్రదర్శన పెడుతున్నామనీ, దాన్ని చూసి ఇన్‌స్పెక్టరు మెచ్చితే నా ఉద్యోగం ఖాయమవుతుందనీ హెడ్మాస్టరు అనగానే, "యుద్ధనౌక చేస్తాను సార్" అని మాటిచ్చేశాను. మా అన్న నేవీలో చేరి, బొంబాయి నుంచి తన ఓడ ఫోటో పంపి ఉన్నాడు. నా ధైర్యమంతా అదే.

బూరుగు చెక్కతో మూరెడు ఓడ చెక్కి, పాత గొడుగు ఊచలు విరిచి ఫిరంగులు పెట్టి, తెల్లరంగులో దీపపు మసి కలిపి బూడిదరంగు పూశాను. అమ్మ పొంగిపోయింది. చర్చి నుంచి వచ్చే ఆడవాళ్లందరినీ లోపలికి పిలిచి, "మా పెద్దోడుండే ఓడ ఇదే. వాడు ఈడ నిలబడుకోనుంటాడు" అని పొగగొట్టం పక్కన వేలు పెట్టి చూపించేది. (వేలిముద్ర పడినచోట నేను మళ్లీ రంగు పూసేవాణ్ణి.) నాకు మాత్రం తృప్తి లేదు. ఫోటోలో ఓడ అంత నున్నగా లేదు. లంగరు గొలుసు కింద నల్లటి చారలున్నాయి, పక్కల తెల్లటి మరకలున్నాయి. మొదటివి తుప్పు, రెండోవి ఉప్పు అని కనిపెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇటుకపొడి నూనెలో కలిపి సన్నకుంచెతో తుప్పు కార్చాను. సున్నపు నీళ్లతో ఉప్పు చిందించాను. దూరంగా నిలబడి చూసుకుంటే ఒళ్లు పులకరించింది.

పొద్దున లేచి చూస్తే తుప్పు లేదు! నా రంగుతో, నా కుంచెతోనే అమ్మ ఓడనంతా మళ్లీ పూసి పెట్టింది.

"ఏందిమా ఈ పని? ఎంత కష్టపడి వేసినానో తెలుసునా?"

"తుప్పు పట్టిచ్చేదానికి కష్టపడితివా? మీయన్న దాంట్లోనే పోతాండాడు గదరా! అడుగున బొక్క పడితే వాడు యాడికి పోవల్ల?"

"ఇది బొమ్మమా."

"బొమ్మైతే ఏంరా? నా కండ్ల ముందర ఉండేది ఇదే గదా."

కానీ నా కళ్ల ముందర ఇన్‌స్పెక్టరు ఉన్నాడాయె! సాయంత్రం మళ్లీ తుప్పు వేశాను. తెల్లవారి ప్రార్థన ముగించుకుని అమ్మ మళ్లీ పూసింది. కొన్నాళ్లు ఇదే వరస. పూత మీద పూత పడి ఓడ ఒళ్లు చేసింది. ఫిరంగులు మునక్కాయలంత అయ్యాయి.

ప్రదర్శన రేపనగా అన్న సెలవు మీద ఊడిపడ్డాడు. పెట్టె దించకముందే ఇద్దరం పోటీపడి ఒకరి మీద ఒకరం ఫిర్యాదు చేశాం. అన్న ఓడను అటూ ఇటూ తిప్పి, అమ్మ పూత కింద ఇంకా లీలగా కనబడుతున్న తుప్పు చారలు చూసి, నవ్వాపుకోలేక అరుగు మీద కూలబడ్డాడు.

"నువ్వేసిండే తుప్పు అచ్చం అట్లనే ఉంటాదిరా. అమ్మ చేసిండేదీ సరే. ఆడ నా పని ఏమనుకుంటాండారు, ఫిరంగులు కాల్చేదనా? పొద్దున లేస్తే తుప్పు గీకేది, రంగు పూసేది. మర్నాటికి సముద్రం మళ్లీ పట్టిస్తాది. మళ్లీ గీకేది."

అమ్మ వెళ్లి అన్న పక్కన కూర్చుంది. "దినామూ గీకుతారా?" అంది.

"దినామూనే మా."

"నువ్వే పూస్తావా?"

"నేనేమా. శానా బాగా పూస్తానని పేరు గూడా ఉండాది."

అమ్మ లేచి లోపలికెళ్లి కుంచె తెచ్చి నా చేతికిచ్చింది. "వెయ్యిరా నీ తుప్పు. గీకేదానికి మీయన్న ఉండాడు."

మర్నాడు ఇన్‌స్పెక్టరు మా ఓడను చూసి, "బాగుందయ్యా, కొంచెం బలిసింది" అన్నాడు. ఉద్యోగం ఖాయమైంది.

ముసలితనంలో ఒకసారి విశాఖపట్నం వెళ్లి నిజం యుద్ధనౌకను చూశాను. ఎవరో నావికుడు తాడు కట్టుకుని, దాని పక్కన వేలాడుతూ రంగు పూస్తున్నాడు. కళాకారుణ్ణి కదా, తుప్పు చారలు చూడవలసింది. అవేవీ చూడకుండా, "పైలం నాయనా!" అని పెద్దగా కేకేశాను. అంత దూరానికి అతనికి వినిపించలేదనుకోండి.